బక్షీస్ ముట్టని బ్యాండు

కొందరికి మోకాళ్ల నొప్పి, కొందరికి షుగరు. నాకు ఒక బ్యాండు మేళం. పెళ్లిళ్ల సీజన్ రాగానే తిరగబెడుతుంది.

ముప్పై ఏళ్లు దాటింది. వీధిలో ఎక్కడ క్లారినెట్ వినిపించినా లేచి కిటికీ మూసేస్తాను. నాకు సంగీతం గిట్టదని మా ఇంట్లో అనుకుంటారు. అనుకోనిచ్చాను. ఎన్నోసార్లు మా ఆవిడకు ఈ సంగతి చెబుదామని నోరు తెరిచి, తీరా చారులో ఉప్పు తక్కువైందని చెప్పి మూసుకున్నాను. పాపం, ఆమె ఉప్పు వేస్తూ పోయింది. ఇప్పుడు నాకు బీపీ కూడా ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు మనిద్దరికీ హాయి. మీరు నన్ను ఓదార్చాల్సిన పని లేదు, తిట్టాలంటే చిరునామా లేదు. చివరిదాకా వింటే చాలు.

ఒకటి ముందే చెబుతాను. నేను ఎవరినీ చంపలేదు. ఆ రోజుల గురించి, మా ప్రాంతం గురించి ఎవరైనా రాస్తే, చదివేవాళ్లు మొదటి పేజీ నుంచే శవం కోసం వెతుకుతారు. ఇందులో శవం లేదు. సిరిసిల్లలో పట్టపగలు ఒక చాయ్ హోటల్లో కూర్చుని నేను ఒక మాట అన్నాను. అంతే. ఆ మాట అబద్ధం. అది కూడా అంతే అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

మా అన్న దుబాయ్ నుంచి వచ్చాడు. వచ్చాడు అంటే గౌరవంగా ఉంటుంది. కంపెనీ మునిగి పంపించేశారు అంటే నిజంగా ఉంటుంది. కోరుట్లలో దుబాయ్ మనిషి బస్సు దిగాడంటే వెంట బంగారం దిగినట్టే లెక్క. మా అన్న వెంట దిగింది ఒక టేప్‌రికార్డరు, పులిబొమ్మ ఉన్న ఒక దుప్పటి. ఆ టేప్‌రికార్డరు సగం పాట పాడి మిగతా సగం క్యాసెట్‌ను తినేది. పని పోయిన సంగతి నాన్న గడప దాటనివ్వలేదు. ఎందుకంటే అప్పటికే సిరిసిల్ల సంబంధం కుదిరి ఉంది. పిల్ల తండ్రికి సాంచెలు ఉన్నాయి, మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. అల్లుడు మళ్లీ దుబాయ్ పోతాడనే నమ్మకం మీద ఆయన పెళ్లి పెట్టుకున్నాడు. నిజం తెలిస్తే ఏమవుతుందో తెలుసుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

పెళ్లి వాళ్ల దగ్గర. మర్నాడు కోరుట్లలో మేం రిసెప్షన్ పెట్టాలి. ఆ మాట అప్పుడప్పుడే మా ఊరికి వచ్చింది. దానర్థం అన్నం పెట్టడమేనని నాన్న, అన్నం కాకుండా మిగతాదంతా అని మా మేనమామ అనేవారు.

"టేపురికార్డర్ల పాటలేస్తె అయిపాయె," అన్నాడు నాన్న.

మామ ఆయన వైపు జాలిగా చూశాడు. "దుబాయ్ పోరని రిసెప్షన్‌కు టేపురికార్డరేంది బావా? ఇది పెండ్లా, కటింగ్ షాపా?"

"బ్యాండంటె ఎంతయితదో ఎరుకేనా నీకు?"

"సిరిసిల్లోల్లు లారీ కట్టుకోని అస్తున్నరు. బ్యాండు లేకుంటె పోరని పని ఊడిందని మనమే మైకు పెట్టి చెప్పినట్టు."

అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను డిగ్రీ పాసై ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం లేని చదువుకున్నవాడు ఆ కాలంలో ఇంటికి ఎద్దులాంటివాడు. ఖాళీగా కనబడితే కట్టేయడమే.

"వీన్ని పంపు. చదువుకున్నోడు మాట్లాడితె ఎవడన్న ఒప్పుకుంటడు," అన్నాడు మామ.

నాన్న నా జేబులో పెట్టిన డబ్బుకు డోలు కొట్టేవాడొక్కడు వచ్చేవాడు, అది కూడా ఒక చేత్తో కొట్టడానికి. కోరుట్ల బ్యాండువాళ్లు నా మాట పూర్తిగా వినకుండానే వేరే పెళ్లి ఉందన్నారు. కరీంనగర్ ఆర్కెస్ట్రా ఆయన మాత్రం పూర్తిగా విని, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి పంపించాడు. మిగిలింది సిరిసిల్ల. అక్కడ రాజేశం అనే ఆయన బ్యాండు ఉందని, చవకగా వస్తాడని పెళ్లివారి తరఫు ఎవరో చెప్పారు. వేములవాడ మీదుగా బస్సెక్కాను.

రాజేశం నలభై దాటిన మనిషి. మామూలు రోజుల్లో సాంచెలు నడిపేవాడు. ముహూర్తాలు మొదలుకాగానే తనలాంటి సాంచెల పనివాళ్లనే కూడగట్టి, ఎర్రకోట్లు తొడిగించి బ్యాండు కట్టేవాడు. పగలూ రాత్రీ ఆ మోతలో పనిచేసి అందరికీ సగం చెవుడు. అందువల్ల బ్యాండు చాలా గట్టిగా వాయిస్తుందని పేరు. అందులో క్లారినెట్ రాజేశంది. ఆ మోతలోంచి అది దారం లాగినట్టు సన్నగా, తెగకుండా బయటికి వచ్చేది.

చాయ్ హోటల్లో కూర్చున్నాం. ఆయనే చాయ్ చెప్పాడు.

ఇక్కడ రెండు సంగతులు మీకు చెప్పాలి. ఒకటి, అప్పుడు నాకు గడ్డం ఉండేది. భుజానికి గుడ్డసంచీ, కాళ్లకు రబ్బరు చెప్పులు. గడ్డం పెంచింది సిద్ధాంతం కోసం కాదు, మంగలి కత్తికి మొహమంతా పొక్కులొచ్చాయి. సంచీ అమ్మ కుట్టింది. చెప్పుల కారణం వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ మూడూ ఒక్క మనిషి మీద కనబడితే ఆ రోజుల్లో జనం ఇంకో రకంగా చూసేవారు. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండోది, రేట్లు. అడవిలో ఉన్నవాళ్లను మేం అన్నలనేవాళ్లం, లోపలోళ్లనేవాళ్లం. జీతగాని జీతం ఎంత, కూలి ఎంత, తునికాకు కట్ట ఎంత అని వాళ్లు చెప్పిన రేటు ఊళ్లలో నడిచేది. అది కాగితం మీద రావాలని ఏం లేదు. ఎవరో ఒకరు వచ్చి, ఇగ ఇంతేనట, అనేవారు. ఆ 'అట' చాలు. ఎవరు చెప్పారని అడిగినవాణ్ని నేను చూడలేదు. అడగడం అటు నుంచీ ఆరోగ్యానికి మంచిది కాదు, ఠాణా నుంచీ మంచిది కాదు. అందులో నిజమైనవి చాలా కూలివాళ్ల కడుపు నింపినవే, అది కూడా చెప్పాలి. అందుకే ఆ మాటకు అంత విలువ.

ఆ విలువను నేను వాడుకున్నాను.

రాజేశం తన రేటు చెప్పాడు. అన్యాయమైన రేటేమీ కాదు. "తమ్మీ, ఇంతకు తక్కువైతె మావోళ్లకు బువ్వ ఖర్చు కూడ ఎల్లది," అన్నాడు. నేను చదువుకున్నవాడిలా మాట్లాడి చూశాను. పేదవాడిలా మాట్లాడి చూశాను. రెండో దాంట్లో నటన తక్కువే. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు, చాయ్ గ్లాసు వైపు చూస్తూ, ఊరికే అన్నట్టు అన్నాను.

"రేటు నా చేతిల లేదన్నా. లోపలోళ్లు చెప్పిన్రు. పెండ్లిళ్లల్ల బ్యాండ్లకు ఇంతకంటె ఎక్కువ ఇయ్యద్దట, తీస్కోవద్దట."

ఆయన నవ్వు ఆగింది.

"ఎన్నడు చెప్పిన్రు?"

"మొన్న."

"నీకు చెప్పిన్రా?"

"గది నువ్వు అడుగొద్దు, నేను చెప్పొద్దు."

నవ్వుతాడనుకున్నాను. నిజంగా. కాలేజీలో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు, నవ్వించడం తప్ప నాకు వేరే విద్య లేదు. ఆయన నవ్వి, "మంచిగ మాట్లాడ్తున్నవ్ తమ్మీ," అని, ఇంకో పది తగ్గిస్తాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. నా గడ్డం చూశాడు, సంచీ చూశాడు. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సరే అన్నా. ఆల్లు చెప్పినంక ఇగ ఏమున్నది," అన్నాడు.

గమనించారా? నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. అప్పటిదాకా తమ్మీ అన్నవాడు, ఆ క్షణం నుంచి నన్ను అన్నా అన్నాడు.

ఎదుటివాడు నవ్వనప్పుడు జోకు వేసినవాడే నవ్వాలి, లేకపోతే అది జోకు కాదు. నేనెందుకు నవ్వలేదు? ఈ ప్రశ్న నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను, ప్రతిసారీ కొత్త జవాబు దొరుకుతుంది. నాన్న మొహం గుర్తొచ్చిందంటాను. బస్సు టైమైందంటాను. అసలు జవాబు ఇంకోటి. బేరం కుదిరింది. జీవితంలో మొదటిసారి నా మాటకు ఒక మనిషి ఎదురు చెప్పకుండా తల వంచాడు, అది నాకు బాగుంది. చాయ్ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం ఎండలో బ్యాండు దిగింది. నేను మాట్లాడుకున్నది సగం మేళానికి. ఆయన మొత్తం మేళాన్ని తెచ్చాడు. ఎర్రకోట్లు ఉతికి ఇస్త్రీ చేసి ఉన్నాయి. పందిట్లో ఒక పక్క నిలబడి, నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "సినిమా పాటలు కొట్టచ్చా అన్నా? ఆల్లేమన్న అనుకుంటరా?"

నేను తల ఊపాను. ప్రతి పాటకూ ముందు ఆయన నా వైపు చూశాడు, ప్రతిసారీ నేను తల ఊపాను. అయినా అనుమానంతో, చిందులేసే పాటలన్నీ వదిలేసి నెమ్మది పాటలే వాయించాడు. భోజనాల దగ్గర ఒక ముసలాయన, "రిసెప్షనా ఇది, దశదినమా?" అని విసుక్కున్నాడు. మామ మాత్రం మురిసిపోయాడు. "సూడు బావా, మేళమంత పోరని కనుసైగల ఉన్నది. చదువుకున్నోడంటె గట్లుంటది," అన్నాడు. నేను కాలర్ సర్దుకున్నాను. అవును, సర్దుకున్నాను.

అన్నను వదినను కూర్చోబెట్టాక మా మామ దిష్టి తీయడానికి లేచాడు. మీకు తెలుసు కదా, మా వైపు నోట్లు పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి బ్యాండువాళ్లకు ఇస్తారు. ఏ బ్యాండువాడైనా దానికోసమే ఎదురుచూస్తాడు. ఒకడు వాయిస్తూ వంగి పళ్లతో అందుకుంటాడు, ఒకడు టోపీ పడతాడు, అది కూడా ఒక ఆట. మాట్లాడుకున్న రేటు యజమానిది, బక్షీస్ వాయించేవాళ్లది. అసలు వాళ్లకు మిగిలేది అదే.

మామ నోటు తిప్పి రాజేశం ముందు పట్టాడు. రాజేశం క్లారినెట్ తీయకుండానే తల అడ్డంగా ఊపాడు. మామ నవ్వి డోలు కొట్టేవాడికి ఇవ్వబోయాడు. అతను వెనక్కి జరిగాడు. సిరిసిల్లవాళ్లు లేచారు, పెళ్లికూతురి బాబాయి నోట్లు విసిరాడు. నోట్లు చాప మీద పడి ఉన్నాయి, వాయించేవాళ్లు వాటి చుట్టూ కాళ్లు జరుపుతూ వాయిస్తూనే ఉన్నారు. ఒక్కడు కూడా వంగలేదు.

బక్షీస్ వద్దని నేను చెప్పలేదు. ఇంతకంటే ఎక్కువ తీసుకోవద్దట అన్నాను. మిగతాది ఆయన అర్థం చేసుకున్నాడు. భయపడ్డ మనిషి చెప్పినదానికంటే ఎక్కువ పాటిస్తాడని నాకు అప్పటికి తెలియదు.

పందిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి. తర్వాత నవ్వులు.

"ఏందిర, బ్యాండోల్లు సన్నాసుల్ల గలిసిన్రా?"

ఆ మాట అన్నది నేనే. మిగతావాళ్లతో పాటు రాజేశం కూడా విన్నాడు. నన్ను చూసి, దాచిపెట్టడం కోసం అలా అంటున్నాననుకుని, కొంచెంగా తల ఊపాడు.

ఎవరూ పట్టించుకోకపోతే అది అక్కడితో అయిపోయేది. కానీ బక్షీస్ ముట్టని బ్యాండును కోరుట్లలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ వారమంతా చాయ్ హోటళ్లలో అదే ముచ్చట. నేను కూడా చెప్పాను. మామ నోటు పట్టుకుని నిలబడ్డ తీరు, డోలతను వెనక్కి జరిగిన తీరు, అభినయించి మరీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం మెరుగుపెట్టాను. ఎవరి చెవిన పడిందో నాకు తెలియదు. ఆ రోజుల్లో ప్రతి చాయ్ హోటల్లో ఒక చెవి ఎక్కువ ఉండేదని మాత్రం నాకు తెలుసు. తెలిసీ చెప్పాను. నవ్వుతున్నారు కదా.

ఈలోగా రాజేశం తన పని తాను చేశాడు. రేటు అందరికీ అన్నారు కాబట్టి అందరికీ చెప్పాలి కదా. గంభీరావుపేటకు పోయి అక్కడి మేళంవాళ్లకు చెప్పాడు. ఇటు వేములవాడలో చెప్పాడు. మనవల్ల ఎవరికీ మాట రాకూడదని. మంచి ముహూర్తాల్లో నాలుగు మేళాలు సగం రేటుకు, బక్షీస్ లేకుండా వాయించాయి.

ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాం. వదిన వడ్డిస్తూ అంది. "మర్దీ, మీరు మాట్లాడిన బ్యాండు లేదా, రాజేశం. ఆయనను పోలీసోళ్లు పట్కపోయిన్రట."

"ఎందుకట?" నేనే అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

"అన్నలు రేటు పెట్టిన్రని ఊరూర చెప్పిండట. నీకు ఎవలు చెప్పిన్రంటె చెప్తలేడట. మా బాపు పోయి బతిమిలాడితె గూడ ఇడుస్తలేరట."

నేను పచ్చిపులుసు ఇంకొంచెం వేయించుకున్నాను.

ఏ ఠాణా అన్నది రాయను. నాకు తెలిసినా రాయను, ఆ జాగ్రత్త ఇంకా పోలేదు. అప్పుడు నేనేం చేయగలను, మీరే చెప్పండి. ఠాణాకు పోయి, సార్, అది నా అబద్ధం, అనాలా? నీకెందుకు ఆ పేరు నోట్లోకి వచ్చిందని అడుగుతారు, గడ్డం చూస్తారు, ఇద్దరినీ కూర్చోబెడతారు. పోనీ బయట నలుగురికీ చెప్పాలా? లోపలోళ్ల పేరు వాడుకుని పబ్బం గడుపుకున్నవాళ్లను లోపలోళ్లు ఏం చేసేవారో మా ఊళ్లో అందరికీ తెలుసు. అటు గోడ, ఇటు గోడ. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది. తేడా ఒక్కటే, ఆ రెండు గోడల మధ్య నేను కూర్చుని పచ్చిపులుసు తింటున్నాను, రాజేశం నిలబడి దెబ్బలు తింటున్నాడు.

మర్నాడు పొద్దున్నే మంగలి దగ్గరికి పోయి గడ్డం తీయించుకున్నాను. పొక్కులు వచ్చాయి. రానిచ్చాను.

వారం తిరక్కుండా ఆయనను వదిలేశారు. ఆ రోజుల్లో అది అదృష్టం కిందే లెక్క. నేను ఇంకా అదృష్టవంతుణ్ని, జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. కోరుట్ల వదిలేసి అక్కడ గది తీసుకున్నాను.

వానాకాలం మొదట్లో, కాలేజీ విడిచిన వేళకు, గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మెడలో తువ్వాల, దాని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"గుర్తువట్టినవా అన్నా? గడ్డం తీసినవ్, నేనే జెర ఆగిన."

గుర్తుపట్టాను. కొంగు తీశాడు. పైవరసలో ముందు పళ్లు లేవు. క్లారినెట్ ఊదేవాళ్లు ఆ పళ్ల మీదే దాన్ని ఆనించి పట్టుకుంటారు. నా చూపు ఎక్కడుందో చూసి మళ్లీ కొంగు పెట్టుకున్నాడు, తప్పు తనదైనట్టు.

"నీ పేరు చెప్పలె అన్నా," అన్నాడు.

ఎవరైనా వింటున్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

"బస్టాండుల ఎవలో మాట్లాడుకుంటుంటె ఇన్ననని చెప్పిన. అదే మాట మీద ఉన్న. ఆల్లు నమ్మలె. నమ్మకుంటె నేనేం జేస్త? నీ పేరైతె నోట్లకెల్లి రానియ్యలె. లోపలోళ్లకు జెర చెప్పు అన్నా, రాజేశం గట్టిగనే ఉన్నడని."

"చాయ్ తాగుదమా?" అన్నాను. నాకు వచ్చిన మాట అది.

"వేడి తగులుతె గుంజుతది. వద్దు." తువ్వాల సర్దుకున్నాడు. "ఒక్క మాట అడుగుదమని అచ్చిన. తప్పైతె తప్పనుకో. రేటు జెర పెంచుకుంటమని ఆల్లను అడుగుతవా? గీ రేటుకు మావోళ్లకు పడ్తలేదు. బక్షీస్ గూడ లేకపాయె. నాకోసం కాదన్నా. నేనిగ ఊదేది లేదు. పోరగాండ్ల కోసం."

ఒక్క వాక్యం సరిపోయేది. ఎవరూ చెప్పలేదన్నా, నేనే కల్పించి చెప్పిన. అంతే. అది నాలుక మీద ఉంది. ఆయన కొడితే పడదామనుకున్నాను కూడా. కానీ ఆయన కొట్టడని తెలుసు. ఆయన నా మొహం వైపు చూస్తాడు, ఆ పళ్లు ఎవరి కోసం పోయాయో ఒక్కసారిగా అర్థం చేసుకుంటాడు. ఇప్పుడు ఆయన లెక్కలో అవి ఒక పెద్ద విషయం కోసం పోయాయి. నేను ఆ వాక్యం అంటే, మా ఇంటి రిసెప్షన్ ఖర్చు కోసం పోయినట్టవుతుంది. దాన్ని చూడటం నా వల్ల కాలేదు. ఆయన బాధ చూడలేకనా, ఆ బాధలో నన్ను చూసుకోలేకనా? తెలియదు. తెలియదు అని రాయడం కూడా తప్పించుకోవడమేనేమో.

"అడిగి చెప్త," అన్నాను.

చేతులెత్తి దండం పెట్టి బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. సాంచెల షెడ్డు బయటికి పిలిపించాను. లోపల మోత. ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"పెంచుకొమ్మన్నరు."

"బక్షీస్?"

"తీస్కొమ్మన్నరు."

ఆయన ఊపిరి వదిలాడు. అటూ ఇటూ చూసి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "నా సంగతి చెప్పినవా అన్నా? పేరు చెప్పలేదని?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

దానికి జవాబు నేను తయారుచేసుకుని పోలేదు. దేవుడిమీద ఒట్టు, తయారుచేసుకోలేదు.

"మంచోడన్నరు," అన్నాను.

రాజేశం నవ్వాడు. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వాడు. చాయ్ హోటల్లో నేను ఎదురుచూసిన నవ్వు అప్పుడు, అక్కడ వచ్చింది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో పైకి వచ్చాను. పిల్లలకు పాఠాలు చెప్పాను, సభల్లో నవ్వించాను, సమయస్ఫూర్తి ఉన్నవాడన్న పేరు తెచ్చుకున్నాను. అడవి పలచబడింది. రేట్లు చెప్పేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు. ఇక చెప్పినా ఎవరికీ ప్రమాదం లేని కాలం వచ్చింది. రెండు గోడలూ పడిపోయాయి. నేను మాత్రం ఉన్నచోటనే ఉన్నాను. అంటే నన్ను ఆపింది గోడలు కాదన్నమాట.

ఈమధ్య వదిన ఫోను చేసి రాజేశం పోయాడని చెప్పింది. వెళ్లాను. నేనెవరో చెప్పగానే వాకిట్లో ఉన్న ఇంటివాళ్లు లేచి నిలబడ్డారు. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ ముచ్చట అస్తమానం చెప్పేటోడు సారూ. మాకు తప్ప ఎవ్వలకు చెప్పలే. పండ్లు పోతె పోయినయ్ గని, పెద్దోళ్లు నన్ను మంచోడన్నరే అనేటోడు. గా ఒక్క మాట పట్టుకోని ఉన్నడు సారూ మనిషి."

గోడకు క్లారినెట్ తగిలించి ఉంది. తుడిచి ఉంది.

మీరే చెప్పండి, ఆమెతో నేనేం అనాలి? ఆయనకు జీవితంలో దక్కిన ఒకే ఒక్క మెడల్ నా నోట్లోంచి రాలింది. అది ఇత్తడిది కూడా కాదు, వట్టి గాలి. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవడం నిజాయితీ అవుతుందా, రెండో దెబ్బ అవుతుందా? లాక్కోకపోవడం దయ అవుతుందా, ఆ పాత పిరికితనమే కొత్త చొక్కా వేసుకుని వచ్చిందా? నేను ఆమెతో, అవునమ్మా, అన్నాను. మంచోడే అన్నారు అన్నాను. అబద్ధమని తెలిసి చెప్పినవాటిలో ఇదొక్కటే నిజం. ఆయన మంచివాడు. అది చెప్పింది మాత్రం ఎవరూ కాదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె దీన్ని చదవదు. అది నాకు తెలుసు కాబట్టే రాయగలుగుతున్నానని కూడా నాకు తెలుసు. రాజేశం అన్నది ఆయన అసలు పేరు కాదు. ఆయన దెబ్బలు తింటూ దాచిన నా పేరును, ఫ్యాను కింద కూర్చుని, ఎవరూ ఏమీ చేయని ఈ కాలంలో, నేను కూడా దాచే పంపుతున్నాను. ఈ విషయంలో మాత్రం మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నాం.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు, ఇవ్వడానికి మీకు హక్కు లేదు. ఆ గేటు దగ్గర నాలుక మీద ఆగిపోయిన వాక్యం ఒకటి ఉంది, దాన్ని ఒక్కసారి బయటికి అని చూడాలని. అంతే.

రాజేశం అన్నా. రేటు ఎవ్వలు పెట్టలే. లోపలోళ్లు చెప్పలే, బయటోళ్లు చెప్పలే. నేనే చెప్పిన. నన్ను అన్నా అనకు, నీ తమ్మిని.